చిన్న ఆర్గానిక్ పొలం పెట్టాలనుకుంటే: వారం బుట్టా, రైతు బజారా, షాపా? పంట కంటే ముందు ఇది తేల్చుకోండి

ఎకరన్నర రెండెకరాల్లో మందుల్లేకుండా కూరలు పండించి చుట్టుపక్కల వాళ్ళకే పెడదాం అనుకునేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు, చాలా సంతోషం. వాళ్ళు అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే, ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం ఎలా కలపాలి, పురుగుకి ఏం కొట్టాలి, దేశీ విత్తనం ఎక్కడ దొరుకుద్ది అని. అవన్నీ నేర్చుకోవచ్చండి, పక్క ఊళ్ళో ప్రకృతి వ్యవసాయం చేసే ఏ అక్కని అడిగినా పొలం గట్టు మీద నిలబెట్టి మరీ చూపిస్తది. ఎవరూ అడగనిది ఏంటంటే ఈ సాయంత్రం కోసిన బెండకాయ రేపు పొద్దున ఎవరి వంటింట్లో ఉంటది అని. ఏ పంట వెయ్యాలి, సర్టిఫికెట్ కావాలా వద్దా, కౌలుకి తీసుకోవచ్చా, ఇంట్లో ఎంతమంది పనిచెయ్యాలి, ఇవన్నీ ఆ ఒక్క జవాబుని బట్టే ఉంటాయి, అందుకే అమ్మే దారులు ఒక్కొక్కటీ తీసుకుని పోల్చి చెప్తా.

నా ఓటు ఎటో ముందే చెప్పేస్తున్నా. బండి మీద అరగంటలో వెళ్ళగలిగే టౌన్లో పాతిక ముప్ఫై ఇళ్ళు చూసుకుని వారం వారం బుట్ట ఇవ్వడం మెయిన్‌గా పెట్టుకోండి, మిగిలింది రైతు బజారుకి, నిలవ ఉండే బియ్యం పప్పులు మాత్రం షాపుకి. అందరికీ ఇదే సరిపోద్దని కాదు, ఎవరికి సరిపోదో కూడా చెప్తా. నేను చూసింది తెనాలి, దుగ్గిరాల వైపు కాలవ కింద నల్లనేల, మీది ఎర్రనేల అయినా బోరు కింద అయినా పంటలు మారతాయి గానీ అమ్మకం లెక్క పెద్దగా మారదు.

ముందు బుట్ట సంగతి. ఇంటికి వారానికి ఒకసారి, ఆకుకూరలు మూడు రకాలు, కూరగాయలు ఐదారు రకాలు, కరివేపాకు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు, మొత్తం ఐదు కిలోల దాకా. ఉదాహరణకి బుట్ట 300 అనుకుందాం, 25 ఇళ్ళు, వారానికి 7,500. ఏడాదికి 52 వారాలుంటాయి కదా అని గుణించొద్దు, ఎండాకాలంలో కొన్ని వారాలు, పెద్ద వానల్లో కొన్ని వారాలు బుట్ట నిండదు కాబట్టి 40 వారాలే లెక్క వేసుకోండి, 3 లక్షలు వస్తది. ఇందులోంచి కూలీలు, విత్తనం, పందిరి తీగలు, పెట్రోలు పోవాలి. రెండెకరాల్లో అంతకంటే ఎక్కువ లాగొచ్చు, కానీ మొదటేడు ఇంతకి మించి ఆశ పెట్టుకోవద్దు, ఎందుకంటే ఇళ్ళు పెంచడం తేలిక, పెరిగిన ఇళ్ళకి ప్రతి వారం తొమ్మిది రకాలు ఇవ్వడం కష్టం.

అసలు బుట్టలో కష్టమంతా అక్కడే ఉంది. రైతుగా మనకి అలవాటు ఒక పంట ఒకేసారి వేసి ఒకేసారి కోసి అమ్మెయ్యడం. బుట్టకి అది పనికిరాదు. తోటకూర 25, 30 రోజులకి కోతకి వస్తది, మెంతికూర కూడా ఇంచుమించు అంతే, అంటే ఇవాళ ఒక మడి, వచ్చే వారం ఒక మడి, ఆ పై వారం ఇంకో మడి, ఇలా ఎప్పుడూ విత్తుతూనే ఉండాలి. పాలకూర, గోంగూర కోసిన కొద్దీ మళ్ళీ వస్తాయి కాబట్టి కాస్త ఊపిరి ఆడుద్ది. బెండ 45, 50 రోజులకి మొదలై రోజు మార్చి రోజు కొయ్యాలి, ఒక్క రోజు ఆలస్యమైనా ముదిరి పోద్ది, ఆ ముదురు బెండకాయ బుట్టలో వేస్తే మర్నాడు ఫోన్ రావడం ఖాయం. దొండ పందిరి ఒకసారి వేస్తే రెండు మూడేళ్ళు కాస్తది, గట్ల మీద మునగ వేస్తే ఆరేడు నెలల్లో మొదలవుద్ది, ఇలాంటివి నాలుగు ఉంటే మిగతావి దెబ్బతిన్న వారం కూడా బుట్ట పరువు నిలబెడతాయి. ప్రకృతి వ్యవసాయం వాళ్ళు 20 సెంట్లలో వేయించే ఏటీఎం మోడల్ చూడండి, రకరకాల కూరలు కలిపి కొన్ని రోజులకోసారి డబ్బు చేతికొచ్చేలా వేస్తారు, బుట్ట ఇద్దామనుకునేవాళ్ళకి దాన్ని మించిన నమూనా లేదు. మొత్తం రెండెకరాలూ ఒకేసారి మొదలెట్టకుండా ఆ 20 సెంట్లతోనే పది ఇళ్ళకి ఇచ్చి చూడండి ముందు.

రెండో కష్టం మనుషులతో. మందులు కొట్టకూడదు అంటారు, పుచ్చు కూడా ఉండకూడదు అంటారు. వంకాయలో పురుగు కనపడితే మొదటి నెలలో బాధపడతారు, ఒకసారి పొలానికి తీసుకెళ్ళి మగ పురుగుల్ని వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు, వేపగింజల కషాయం ఇవన్నీ చూపిస్తే అప్పట్నుంచి పుచ్చు కోసి పక్కన పెట్టేసి వండుకుంటారు, ఫోన్ చెయ్యరు. ఈ మార్పు బుట్ట దారిలోనే వస్తది, షాపులో రాదు, ఎందుకంటే షాపులో మన మొహం వాళ్ళకి తెలీదు, వాళ్ళ మొహం మనకి తెలీదు. అందుకే ఏడాదికి రెండు సార్లైనా అందర్నీ పొలానికి పిలవండి, పిల్లల్ని తీసుకురమ్మనండి, సంక్రాంతి ముందు కంది కోతప్పుడు పిలిస్తే ఇంకా మంచిది.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. నెల డబ్బు ముందే తీసుకోండి. తీసుకుంటాం అని చెప్పేవాళ్ళు ఎప్పుడూ చాలామంది ఉంటారు, ముందు ఇవ్వమంటే సగం మంది మిగులుతారు, ఆ సగమే మన ఇళ్ళు. జపాన్‌లో 1970ల్లోనే తేయికేయ్ అని ఒక పద్ధతి మొదలైంది, ఊళ్ళో తల్లులు కొంతమంది కలిసి మందుల్లేని కూరల కోసం నేరుగా రైతుతో ఒప్పందం చేసుకున్నారు, పంట ఎక్కువొస్తే ఎక్కువ, తక్కువొస్తే తక్కువ, కష్టంలో వాళ్ళకీ వాటా. మనవాళ్ళని అంతదాకా తేవడం మొదటేడు కుదరదు గానీ, తుఫాను వచ్చి మళ్ళు మునిగిన వారం బుట్ట ఉండదు, ఆ డబ్బు తర్వాత నెలలో సర్దుతాం అనే మాట మాత్రం మొదటి రోజే వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టాలి. ఊరెళ్తున్నాం ఈ వారం వద్దు అనేవాళ్ళు రెండు రోజుల ముందు చెప్పాలని కూడా. సంక్రాంతికి సగం ఇళ్ళు తాళాలేసి ఉంటాయి, అప్పుడు ఎక్కువ కోసి పెట్టుకోవద్దు. కార్తీక మాసంలో దీనికి పూర్తిగా రివర్స్, నీచు మానేసే ఇళ్ళలో కూరలు ఎక్కువ పడతాయి, బయట రేట్లు కూడా పెరుగుతాయి, అప్పుడు మనం అదే రేటుకి ఇస్తే ఆ ఇల్లు మనల్ని వదలదు. వినాయక చవితికి పత్రి, ఉగాదికి వేపపువ్వు మామిడికాయ బుట్టలో ఊరికే పెట్టండి, పొలం గట్టున దొరికేవే కదా.

ఇప్పుడు రైతు బజారు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పద్ధతి ఇది, దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకునే చోటు. కార్డు ఉండాలి, ఆ కూరలు మీరే పండిస్తున్నారు అని అధికారులు చూసి ఇస్తారు. స్థలం దొరుకుద్ది, జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు, డబ్బు చేతిలో పడుద్ది, అప్పు లేదు, వాట్సాప్ మెసేజ్‌లు లేవు, మధ్యాహ్నానికి ఖాళీ బుట్టలతో ఇంటికి. మన సమస్య ఒక్కటే, అక్కడ రేటు బోర్డు మీద రాసి ఉంటది, మందులు కొట్టిన టమాటాకీ మన టమాటాకీ అదే రేటు. కొన్ని చోట్ల ఆర్గానిక్ వాళ్ళకి విడిగా స్టాల్ ఇస్తున్నారు, మీ టౌన్లో అలా ఉంటే ఎస్టేట్ ఆఫీసర్ని కలిసి అడగండి, అది దొరికితే బేరం బాగా మారిపోద్ది. లేకపోయినా రైతు బజారు కార్డు మాత్రం తప్పకుండా చేయించుకోండి, ఎందుకంటే బుట్టలకి పోగా మిగిలేది ప్రతి సీజన్లో ఉంటది, సొర, దోస, టమాటా ఒకేసారి విరగకాసినప్పుడు ఇళ్ళవాళ్ళకి నాలుగో వారం కూడా అదే సొరకాయ పంపితే విసుగొస్తది, అప్పుడు పొద్దున్నే వెళ్ళి బోర్డు రేటుకి ఇచ్చేసి రావడమే మేలు, కుళ్ళబెట్టడం కంటే.

రైతు బజారు ఒక్కదాని మీదే ఆధారపడితే నడుస్తదా అంటే, నడుస్తది, కానీ అప్పుడు మీరు రకాల మీద కాకుండా దిగుబడి మీద దృష్టి పెట్టాలి, మూడు నాలుగు పంటలు ఎక్కువ ఎక్కువ వెయ్యాలి, రోజూ తెల్లారగట్ల బయల్దేరే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. భార్యాభర్తలిద్దరూ పొలంలోనే ఉండే కుటుంబాలకి ఇది సరిపోద్ది. ఉద్యోగం చేస్తూ పొలం చూసుకునేవాళ్ళకి కుదరదు.

ఆర్గానిక్ షాపులకి ఇవ్వడం మూడోది. చాలామంది దీంతోనే మొదలెడతారు, ఎందుకంటే ఒకచోట దించేసి వచ్చేయొచ్చు, పాతిక ఇళ్ళు తిరిగే పని లేదు. షాపువాళ్ళ వైపు నుంచి కూడా న్యాయంగా చూడాలి, అద్దె, కరెంటు, అమ్ముడుపోక వడిలిపోయే సరుకు అంతా వాళ్ళ నెత్తిన ఉంటది, అందుకే గిరాకీ దగ్గర తీసుకునేదాంట్లో మనకి వచ్చేది చాలాసార్లు సగం దగ్గర్లో ఉంటది. దానికి నెలాఖరు పేమెంట్, డ్యామేజీ కటింగ్. ఆకుకూరలైతే పొద్దున ఇచ్చినవి సాయంత్రానికి వాడిపోతాయి, ఆ నష్టం తిరిగి మన లెక్కలోకే వస్తది. కాబట్టి షాపుకి ఆకుకూరలు, లేత కూరలు ఇవ్వొద్దనే నా మాట. ముడి బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, పసుపు, నువ్వులు, ఇలాంటివి ఇవ్వండి, నెల ఆగినా పాడవవు. ఒక్క షాపుకే కట్టుబడిపోకుండా రెండు ఉండేలా చూసుకోండి, పేమెంట్ ఆలస్యం చేసేచోట సరుకు ఆపగలిగే ధైర్యం అప్పుడే ఉంటది.

హైదరాబాద్ పంపితే రేటు ఎక్కువొస్తది కదా అంటారు. కూరల విషయంలో నేను వద్దనే చెప్తా. ఆర్టీసీ కార్గోలో వేసినా మర్నాటికి చేరేసరికి ఆకు వేడెక్కి పోయుంటది, పెట్టెలు, ఐసు, అక్కడ డెలివరీ బాయ్, అన్నీ తీసేస్తే తెనాలిలో ఇచ్చినదానికంటే మిగిలేదేమీ ఉండదు. అసలు ఇంకో సంగతి కూడా ఉంది, పక్క వీధిలో పిల్లలు మార్కెట్లో కొన్నవి తింటుంటే మనం మంచి కూర మూడొందల కిలోమీటర్లు పంపడం నాకు నచ్చదు, పొలం ఎక్కడుందో అక్కడివాళ్ళకి ముందు అందాలి. బియ్యం అయితే పంపండి, దూరాన ఉన్న మనవాళ్ళు ఊరి బియ్యం కావాలని అడుగుతారు, అది తప్పేం కాదు.

పొలం దగ్గరే బల్ల వేసి అమ్మడం మెయిన్ రోడ్డు పక్కన ఉన్నవాళ్ళకి బాగుంటది, డొంకలోపల ఉన్నవాళ్ళు దాని గురించి ఆలోచించక్కర్లేదు. హోటళ్ళు రేటు చూస్తాయి తప్ప మందుల్లేనిదా అని చూడవు. స్కూలు హాస్టళ్ళు, అనాథాశ్రమాలు ఉంటే మిగిలిన కూర తక్కువ రేటుకి ఇవ్వడానికి మాట్లాడి పెట్టుకోండి.

సర్టిఫికెట్ సంగతి ఇక్కడ చెప్తే అర్థమవుద్ది, ఎందుకంటే అది పూర్తిగా మీరు ఎంచుకున్న దారి మీద ఆధారపడి ఉంటది. ఆర్గానిక్ ఆహారం మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, 2017లో నిబంధనలు తెచ్చింది, వాటి ప్రకారం ఆర్గానిక్ అని చెప్పి అమ్మాలంటే పీజీఎస్ గానీ ఎన్‌పీఓపీ గానీ, ఈ రెండు రకాల సర్టిఫికెట్లలో ఒకటి ఉండాలి, కానీ చిన్న రైతు నేరుగా తినేవాళ్ళకే అమ్మితే మినహాయింపు ఇచ్చారు. అంటే బుట్ట దారిలో ఉన్నవాళ్ళకి కాగితం తప్పనిసరి కాదు, ఆర్గానిక్ సరుకు మీద వేసే జైవిక్ భారత్ లోగో మాత్రం వాడకూడదు. షాపుకి ప్యాకెట్ కట్టి ఆర్గానిక్ అని రాసి ఇవ్వాలంటే కాగితం కావాల్సిందే.

ఆ రెండింట్లో చిన్నవాళ్ళకి పీజీఎస్సే నయం. కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు, ఖర్చు చాలా తక్కువ, మారే దశలో ఉన్నప్పుడు పీజీఎస్ గ్రీన్, తర్వాత పీజీఎస్ ఆర్గానిక్. మన దేశంలో అమ్ముకోవడానికి పనికొస్తది. ఎన్‌పీఓపీ అంటే ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా కిందిది, బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తది, ఏడాది పంటలకి రెండేళ్ళు, తోటలకి మూడేళ్ళు మార్పు కాలం ఉంటది, ఖర్చు రెండెకరాలవాడు ఒక్కడూ మొయ్యలేడు. ఎగుమతి చేసేవాళ్ళకి, పెద్ద బ్రాండ్లకి ఇచ్చే సంఘాలకి అది. మీరు ఊళ్ళోవాళ్ళకే పెడతానంటుంటే దాని జోలికి వెళ్ళక్కర్లేదు. పీజీఎస్‌కి కాగితం కంటే పెద్ద లాభం ఆ ఐదుగురు, ఒకరికి బెండ పోయిన వారం ఇంకొకరి బెండ బుట్టలోకి వస్తది, పురుగు ఎక్కడ మొదలైందో రెండు రోజుల ముందే తెలుస్తది. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం డ్వాక్రా సంఘాల మీదే నిలబడి ఉంది, 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి దాకా వెళ్ళిందంటే ఆ ఆడవాళ్ళు ఒకరికొకరు నేర్పుకోవడం వల్లే. మీ ఊళ్ళో అలాంటి అక్కలు ఉంటే గుంపు వాళ్ళతోనే కట్టండి.

ఒంటరిగా చేస్తే ఇంకో చిక్కు, పక్క పొలం మందు గాలికి మన మీద పడుద్ది, పై పొలం నీళ్ళు మన మళ్ళలోకి వస్తాయి. గట్టు వెంబడి జొన్న గానీ సజ్జ గానీ నాలుగైదు వరసలు ఒత్తుగా వేస్తే గాలి వైపు కొంత ఆగుద్ది. జనగామ జిల్లా ఏనబావిలో ఊరంతా కలిసి మందులు మానేశారు కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు. మనకి ఊరంతా రాకపోవచ్చు, పక్క ఇద్దరు వచ్చినా చాలా తేడా ఉంటది, కనీసం మందు కొట్టే రోజు చెప్పమని అడగండి, చాలామంది చెప్తారు.

కూరలు వెయ్యాలా బియ్యం పప్పులా అంటే, పొలంలో రోజూ ఉండగలిగితే కూరలు, వారానికి రెండు రోజులే రాగలిగితే వరి, అపరాలు, గట్లమీద కొబ్బరి, నిమ్మ, మునగ. వరిలో సాంబ మసూరి బీపీటీ 5204 అందరి నోటికీ అలవాటైన బియ్యం, మందుల్లేకుండా పండించి ఒంటిపట్టు (ఒక్కసారే పాలిష్) పట్టిస్తే ఇళ్ళవాళ్ళు వద్దనరు. నవారా, మైసూర్ మల్లిగ లాంటి దేశీ రకాలు పేరు బాగుంటది, రేటు వస్తది, కానీ దిగుబడి తక్కువ, అందుకే మొదట అరెకరంతో చూడండి. 75 కిలోల వడ్ల బస్తా ఆడిస్తే బియ్యం 45 నుంచి 50 కిలోల మధ్య వస్తది, రేటు కట్టేటప్పుడు ఈ తరుగు, మిల్లు కూలి, పురుగు పట్టకుండా ఎండబెట్టి వేపాకు వేసి నిలవ చేసే పని అన్నీ కలపండి, చాలామంది వడ్ల రేటు చూసి బియ్యం రేటు చెప్పేసి నష్టపోతున్నారు. చిన్న మిల్లులో మన వడ్లు విడిగా ఆడిస్తారో లేదో ముందే కనుక్కోండి.

భూమి సొంతమైతే ఏదైనా చెయ్యొచ్చు. కౌలు అయితే జాగ్రత్త, మనం రెండేళ్ళు నేలలో కలియదున్నడానికి పచ్చిరొట్ట, నవధాన్యాలు చల్లి, ఘనజీవామృతం (జీవామృతంలాంటిదే, పొడిగా చేసింది) వేసి నేలని దారిలోకి తెచ్చేసరికి యజమాని కౌలు పెంచడమో తీసేసుకోవడమో జరుగుతుంది. మూడేళ్ళ మాట రాసుకోకుండా దొండ పందిరి, మునగ, నిమ్మ పెట్టొద్దు, ఆకుకూరలు, తీగకూరలతో సరిపెట్టుకోండి. ఆవు విషయంలో రెండెకరాలకి సొంత ఆవు ఉంటే సంతోషం, లేకపోయినా ఆగిపోవద్దు, పక్కింటి ఆవు పేడ, మూత్రం కొనుక్కుని మొదలెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆవుని చూసుకునే మనిషి ఇంట్లో లేకుండా ఆవుని తెచ్చి కట్టేయడం దానికీ మంచిది కాదు.

ఇక మీకు ఏది అంటే. ఇంట్లో ఇద్దరు పొలంలో ఉండి, ఒకరికి మనుషులతో మాట్లాడే ఓపిక ఉంటే బుట్ట. ఓపిక లేదు, పని మాత్రం చెయ్యగలం అంటే రైతు బజారు. ఉద్యోగం వదలకుండా చేద్దామంటే బియ్యం పప్పులు, తెలిసిన ఇళ్ళకి ఏడాదికి సరిపడా ఒకేసారి ఇచ్చెయ్యండి, మిగిలింది షాపుకి, దానికి పీజీఎస్ గుంపులో చేరండి. బుట్ట మొదలెట్టేవాళ్ళు మే ఎండల్లో ఎవరికీ మాట ఇవ్వొద్దు. జూన్‌కి ముందు నవధాన్యాలు చల్లుకోండి, వానల్లో పందిళ్ళు, గట్ల మీద మొక్కలు పెట్టుకోండి, ఆగస్టు సెప్టెంబర్‌లో నారు పోసుకుని దసరా వెళ్ళాక మొదటి పది ఇళ్ళకి ఫోన్ చెయ్యండి, అప్పట్నుంచి మాఘమాసం దాకా ఆకుకూరలు, చిక్కుడు, వంగ, టమాటా అన్నీ కలిసొచ్చే కాలం, మధ్యలో కార్తీకం కూడా వస్తది.